ఓణీల రోజు ఐదో అమ్మాయి

అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టును కొత్తగా తయారు చేయబోతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, డ్రిబ్లింగ్, పాసింగ్ సంగతులు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ ఒక్క మాట వినండి. జట్టునంతా ఒకే వాట్సాప్ గ్రూప్ నుంచి తీసుకోకండి. ఈ మాట ఏ కోచింగ్ కోర్సులోనూ చెప్పరు. ఆ కోర్సులు నేను శ్రద్ధగానే చేశాను, సర్టిఫికెట్లు ఫ్రేము కట్టించి హాల్లో పెట్టుకున్నాను. వాటిలో ఎక్కడా లేదు.

నేను ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ఒక లీజర్ సెంటర్‌లో పనిచేసి రిటైరయ్యాను. వరంగల్‌లో చదువుకునే రోజుల్లో యూనివర్సిటీ జట్టుకు ఆడాను. కొన్నాళ్లు గర్ల్స్ హైస్కూల్లో పీఈటీగా చేశాను. పెళ్లయ్యాక ఈ దేశం వచ్చాను. సెంటర్‌లో మొదట రిసెప్షన్‌లో కూర్చోబెట్టారు, తర్వాత స్విమ్మింగ్ పూల్ దగ్గర నిలబెట్టారు, ఎప్పటికో కోర్టులోకి పంపారు. అంటే నాకు వచ్చిన పని దగ్గరికి నన్ను చేర్చడానికి వాళ్లకు చాలా ఏళ్లు పట్టింది. దాని గురించి ఇప్పుడు నాకేం కోపం లేదు. అప్పుడుండేది, దండిగా ఉండేది.

రిటైర్మెంట్ దగ్గర పడుతుండగా మా మేనేజర్ ఒకరోజు పిలిచాడు. మెత్తగా మాట్లాడే ఇంగ్లిష్ మనిషి. కోపం వచ్చినా థాంక్యూ అనే ముగిస్తాడు, కాబట్టి ఏ థాంక్యూ ఎలాంటిదో మనమే కనిపెట్టుకోవాలి. లోకల్ లీగ్‌లో పద్నాలుగేళ్ల లోపు అమ్మాయిల జట్లు తక్కువగా ఉన్నాయట. ఆదివారం పొద్దున మన కోర్టు ఖాళీగానే ఉంటుంది కదా, ఒక జట్టును తయారు చేయగలరా అన్నాడు. చేస్తానన్నాను. సీజన్ సవ్యంగా నడిస్తే ఆ స్లాట్ మీ పిల్లలకే ఉంటుంది, లేకపోతే బ్యాడ్మింటన్ వాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు అని కూడా అన్నాడు. థాంక్యూ అన్నాడు.

రిసెప్షన్‌లో పోస్టర్ అంటిస్తే ఇద్దరు ఇంగ్లిష్ పిల్లలు వచ్చారు. ఇద్దరితో ఏం చేయను? ఇక మా హౌసింగ్ ఎస్టేట్‌లోని తెలుగు కుటుంబాల గ్రూప్‌కు అడ్మిన్‌గా ఉన్నావిడ చెవిన వేశాను. ఆమెది కరీంనగర్ వైపు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. ఏ పనైనా మొదలుపెడితే అయ్యేదాకా నిద్రపోని రకం. "మన ఆంటీ బాస్కెట్‌బాల్ నేర్పుతదట, పోరగాండ్లను ఫోన్ల కాడికెల్లి లేపి పంపుదాం" అని పెట్టింది. సాయంత్రానికల్లా ఆరు పేర్లు. మొదటి పేరు ఆమె కూతురిదే. ఎనిమిది మందితో జట్టు తయారైంది, నేను పొంగిపోయాను.

ఆ పొంగు ఎంతోకాలం నిలవలేదు. ఆ ఆరుగురిలో ఐదుగురు ఒకే డ్యాన్స్ క్లాసుకు వెళ్తారు. ఒకే ట్యూషన్‌కు వెళ్తారు. ఒకే ఇంట్లో బర్త్‌డే కేక్ తింటారు. ఒక పిల్లకు జలుబు చేస్తే మరుసటి ఆదివారానికి ఐదుగురికీ జలుబే. ఇవన్నీ ఒక ఎత్తయితే, బ్యాడ్మింటన్ వెయిటింగ్ లిస్టు తెరిచి చూసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అందులో ఉన్నవాళ్లు ఎవరో కాదు, మా పిల్లల నాన్నలే.

ఇంకో సంగతి నాకు తెలిసి ఉండాల్సింది, ఎందుకంటే నేనూ అక్కడి నుంచి వచ్చినదాన్నే. మనవాళ్లు పెద్దవాళ్ల మొహం మీద రామని చెప్పరు. "తప్పకుండా వస్తం ఆంటీ" అంటారు. అనేటప్పుడు మనస్ఫూర్తిగానే అంటారు, అందులో అబద్ధమేమీ ఉండదు. ఆ తర్వాత బతుకు వాళ్లను ఇంకోవైపు లాక్కుపోతుంది. దీపావళి ముందు ఆదివారం వేరే ఊళ్లో మ్యాచ్. తల్లులందరినీ విడివిడిగా అడిగాను, అందరూ తప్పకుండా అన్నారు. ఆ రోజు తెలుగు అసోసియేషన్ వాళ్ల ఫంక్షన్‌లో డ్యాన్స్ ఉందని ఒక్కరూ అనలేదు. ఎదుటివాళ్ల కోర్టులో ముగ్గురు పిల్లలతో నిలబడ్డాను. ఐదుగురు లేకపోతే ఆట మొదలే కాదు. మ్యాచ్ వాళ్లదైపోయింది. ఇలాంటిది ఇంకొక్కసారి జరిగితే జట్టును లీగ్ నుంచి తీసేస్తామని నిర్వాహకులు ఫోన్ చేసి చెప్పారు. మేనేజర్ థాంక్యూ అన్నాడు. అది ఏ రకం థాంక్యూనో వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజు వచ్చిన ముగ్గురిలో ఇద్దరు ఇంగ్లిష్ పిల్లలు. మూడో అమ్మాయి గురించి కాస్త చెప్పాలి.

వాళ్లమ్మ తెనాలి దగ్గరి మనిషి, హాస్పిటల్లో నర్సు. ఆదివారం వస్తే చర్చి, లేదంటే వంతుల ప్రకారం పడే డ్యూటీ. ఈ పిల్ల వయసుకు మించిన పొడుగు. స్కూల్లో ఏమన్నారో, ఎవరన్నారో నేను అడగలేదు, కానీ నడుస్తుంటే మెడ, భుజాలు ముందుకు వంచుకుని, ఎవరి కంటా పడకూడదన్నట్టు నడిచేది. మాట కూడా అంతే, అడిగితే తప్ప బయటికి రాదు. అలాంటి పిల్లను తీసుకెళ్లి బాస్కెట్ కింద నిలబెట్టి, చేతులు పైకెత్తు అన్నాను. ఎత్తింది. ఆ చేతుల మీదుగా ఎవరూ బాల్ వేయలేకపోయారు. ఆ క్షణంలో ఆ పిల్ల మొహం చూసి నా కడుపు నిండిపోయింది, అబద్ధమెందుకు చెప్పాలి. ఒకసారి వాళ్లమ్మ డ్యూటీ నుంచి అటే వచ్చి, యూనిఫాం మీద కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడి చూసింది. "వారమంతా ఇంట్లో నోరు విప్పదండీ ఆంటీ. ఆదివారం ఒక్కరోజే కారెక్కిన దగ్గర్నుంచి వాగుతానే ఉంటదండి. ఈ టీమ్ ఒక్కటీ పోకుండా చూడండి, మీకు పుణ్యం ఉంటది" అంది. చూస్తానన్నాను. నేను మాట ఇచ్చానంటే ఇచ్చినట్టే.

ఆ పొడుగు పిల్లకు జోడీ మా అడ్మిన్ గారి కూతురు. పొట్టిది, చురుకైనది, కోర్టులో బాల్ ముందుకు తెచ్చే పని దానిదే. నోరు మూతపడదు. ఎవరెక్కడ నిలబడాలో నాకంటే ముందు అదే అరిచి చెప్పేది. వీళ్లిద్దరి మధ్య ఒక ఎత్తుగడ తయారైంది. పొట్టిది బాల్‌ను గాల్లోకి ఎత్తి వేస్తుంది, పొడుగుది అందుకుని బాస్కెట్లో వేస్తుంది. చెప్పడానికి ఇంతే. ఎదుటి జట్లకు సీజన్ సగం గడిచేదాకా దీనికి విరుగుడు దొరకలేదు.

అలా కిందా మీదా పడి చివరి మ్యాచ్ దాకా వచ్చాం. గెలిచినవి కొన్ని, ఓడినవి కొన్ని. ఇక మిగిలింది ఒక్కటే, అదీ మా కోర్టులోనే. అందులో గెలిచినా ఓడినా ఫర్వాలేదు, ఐదుగురితో ఆట మొదలుపెడితే చాలు, జట్టు లీగ్‌లో ఉంటుంది.

సరిగ్గా అప్పుడు గ్రూప్‌లో ఒక వీడియో వచ్చింది. మా పొట్టి పిల్ల లేత గులాబీ లంగాలో ఏదో తోటలో తిరుగుతోంది, వెనక పాట, కింద బంగారు రంగు అక్షరాలు. హాఫ్ సారీ ఫంక్షన్‌కు సకుటుంబంగా రావాలని ఆహ్వానం. మొదటిసారి పిల్ల కోసం చూశాను, ముద్దుగా ఉంది. రెండోసారి తేదీ కోసం చూశాను. చివరి మ్యాచ్ ఆదివారమే. గ్రూప్ మొత్తానికి పిలుపు.

స్కోరు రాసే పని చూసే రిసెప్షనిస్టుకు ఈ సంగతి చెప్పాను. ఆమె వేల్స్ నుంచి వచ్చిన మనిషి, పెన్షన్‌కు నాకంటే దగ్గర్లో ఉంది. హాఫ్ సారీ అంటే ఏమిటి, ఎంతమంది వస్తారు, హాల్ ఎందుకు, పంతులు ఎందుకు అన్నీ విడమరిచి చెప్పాను. అంతా విని, "సగం చీరకే ఇంత హడావుడా? మొత్తం చీరకు ఏం చేస్తారు?" అంది.

లెక్క వేసుకున్నాను. ఇంగ్లిష్ పిల్లల్లో ఒకరికి మణికట్టు విరిగి కట్టు కట్టారు. పెళ్లికూతురిలా కూర్చోబోయే పిల్లకు మేనత్త కూతుళ్లు ఇద్దరు జట్టులో ఉన్నారు, వాళ్లు పొద్దున్నుంచీ పళ్లేలు మోయాలి. ఒక ఇంటి అక్కాచెల్లెళ్లిద్దరూ మ్యాచ్ ఆడి నేరుగా ఫంక్షన్‌కు వెళ్తామన్నారు. పొడుగు పిల్ల, మిగిలిన ఇంగ్లిష్ పిల్ల ఎలాగూ వస్తారు. నలుగురు. ఐదో అమ్మాయి కావాలంటే ఫంక్షన్ ఎవరిదో ఆ అమ్మాయే రావాలి.

వాళ్లింటికి వెళ్లాను. చాయ్ ఇచ్చారు, సకినాలు పెట్టారు. తేదీ మార్చమని అడిగే ధైర్యం నాకు లేదు, అడిగినా ప్రయోజనం ఉండేది కాదు. "హాల్ కౌన్సిల్‌ది ఆంటీ, ఇంకో డేట్ దొరకలే. పంతులుగారు ముహూర్తం పన్నెండు లోపల్నే అన్నడు" అంది వాళ్లమ్మ. అప్పుడు నేను రూల్సులో ఒక లొసుగు బయటికి తీశాను. ఆట మొదలుపెట్టడానికే ఐదుగురు ఉండాలి. మొదలయ్యాక ఒకరు వెళ్లిపోయినా మిగిలిన నలుగురితో నడుస్తుంది.

"పది గంటలకు మ్యాచ్. మొదటి క్వార్టర్ ఆడితే చాలమ్మా, అక్కడికి నా పని అయిపోతది. వెంటనే నీ బిడ్డను నీకు అప్పజెప్తా" అన్నాను. అలాంటిచోట నాకు కూడా మా ఊరి మాటే వస్తుంది.

"గంతేనా? పది నిమిషాల ఆటే గద ఆంటీ, నేనే తీస్కొస్త. తప్పకుండ."

తప్పకుండ అనగానే ఆమె మొహంలోకి తేరిపార చూశాను. అది గమనించిందేమో, "మీరట్ల చూడకుండ్రి, ఒట్టు" అంది. సోఫాలో కూర్చున్న వాళ్లాయన మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "ఒకవేళ టీమ్ రాకపోతే ఆ సండే స్లాట్ ఏమైతది ఆంటీ?" అన్నాడు. ఆమె ఒక్క చూపు చూసింది. ఆయన లేచి వంటింట్లోకి వెళ్లి ఇంకో చాయ్ తెచ్చాడు.

అంతలో పిల్ల మెట్లు దిగి వచ్చింది. మా మాటలు విన్నదో లేదో తెలియదు. రెండు చేతులకు రెండు రకాల గాజులు వేసుకుని, "విచ్ వన్, కోచ్?" అని నన్నే అడిగింది. ఎరుపువి బాగున్నాయన్నాను. రెండు సకినాలు తీసుకుని పైకి వెళ్లిపోయింది.

ఆ ఆదివారం నేను సెంటర్ తలుపులు తెరవకముందే పొడుగు పిల్ల వచ్చి బయట నిలబడి ఉంది. తర్వాత అక్కాచెల్లెళ్లు, వాళ్ల వెనక పట్టుచీరలో వాళ్లమ్మ. తర్వాత ఇంగ్లిష్ పిల్ల. సెలవురోజు ఎప్పుడూ కనబడని మా మేనేజర్ ఊరికే అటుగా వెళ్తూ వచ్చానన్నాడు. ఎదుటి జట్టు పదిమందితో దిగి వామప్ చేస్తోంది. పది అయింది. రెఫరీ వచ్చి, ఐదో ప్లేయర్ కోసం పావుగంట ఆగుతాం, ఆ తర్వాత మ్యాచ్ వాళ్లదే అన్నాడు. కుర్ర రెఫరీ, మర్యాదస్తుడు, రూల్సు దాటి ఒక్క అడుగు వేయడు. రిసెప్షనిస్టు బోర్డు మీద గడియారం నడిపింది.

నేను ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. పొడుగు పిల్ల బెంచీ మీద కూర్చుని బాల్‌ను పొట్టకు హత్తుకుంది. మెడ మళ్లీ వంగిపోయింది. ఏమైనా మాట్లాడిద్దామని "వస్తుందిలే" అన్నాను. అది తల కూడా ఎత్తలేదు. దీపావళి ముందు మ్యాచ్ రోజు కూడా అలాగే అన్నాను మరి.

తలుపు తెరుచుకుంది. వాళ్లమ్మ పట్టుచీరలో, నడుముకు వడ్డాణంతో, చేతిలో కారు తాళంతో గస పెడుతూ వచ్చింది. ఆమె వెనక మా ఐదో అమ్మాయి. ఒంటి మీద ఆకుపచ్చ జెర్సీ, షార్ట్స్. నెత్తి నుంచి నడుము దాకా మల్లెపూల జడ, మీద వరుసగా జడబిళ్లలు, చివర కుచ్చులు. ఎదుటి జట్టు పిల్ల ఒకతి "వావ్" అంది.

"మొదటి క్వార్టరే ఆంటీ. తొందరగ కానియ్యుండ్రి" అంది వాళ్లమ్మ.

రెఫరీ వచ్చి జడను చూశాడు. చాలా అందంగా ఉంది అన్నాడు. కానీ ఆ లోహపు బిళ్లలు, పిన్నులు ఎవరి కంట్లోనైనా గుచ్చుకోవచ్చు, తీస్తేనే ఆడనిస్తాను అన్నాడు. నేను తెలుగులో చెప్పే అవసరం లేకపోయింది, ఆమెకు అర్థమైంది.

"ఏందీ, తియ్యాల్నా? లండన్ వెంబ్లీకెల్లి వచ్చిన బ్యూటీషియన్ పొద్దుగాల్నే లేచి అల్లింది ఇది! ఆమె మళ్ల ఇంకో ఫంక్షన్‌కు వెళ్లిపోయింది. నేనేడికెల్లి తేవాలె ఇంకో జడ?" అని నా మీద విరుచుకుపడింది. ఆమె తప్పేమీ లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎంతోమందిని ఎన్నో అడిగాను గానీ, ఒక తల్లిని ఆ రోజున ఆ జడ విప్పమని అడగడానికి నాకు నోరు రాలేదు. జట్టు పోతే పోనీ అనే అనుకున్నాను.

పిల్ల మా ఇద్దరినీ చూసింది. బెంచీ దగ్గరికెళ్లి, పొడుగు పిల్ల పక్కన కూర్చుని, వీపు వాళ్లమ్మ వైపు తిప్పింది. "తియ్యి మమ్మీ" అంది.

ఆమె దగ్గరికి వచ్చింది. "నీ అయ్య నన్ను సంపుతడే" అని పిన్ను లాగింది. రిసెప్షనిస్టు గడియారం దగ్గర మేనేజర్‌ను నిలబెట్టి వచ్చి ఒకవైపు నుంచి, అక్కాచెల్లెళ్ల తల్లి ఇంకోవైపు నుంచి తీయడం మొదలుపెట్టారు. జడబిళ్లలు, పూలు, కుచ్చులు అన్నీ జనం మర్చిపోయిన వస్తువులు పడేసే ప్లాస్టిక్ డబ్బాలోకి వెళ్లాయి. ఇది సినిమా కాదు కాబట్టి ఆఖరి సెకనులో ఏమీ జరగలేదు. అంతా అయ్యేసరికి గడియారంలో ఇంకా కొంత మిగిలే ఉంది. ఐదుగురు కోర్టులోకి నడిచారు. రెఫరీ బాల్ పైకి విసిరాడు. నా ఉద్యోగంలో నేను వదిలిన అతి పెద్ద ఊపిరి అదే.

వాళ్లమ్మ ఆ సీజన్‌లో అప్పటిదాకా ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. పిల్లను దింపి షాపింగ్‌కు వెళ్లేది, అయ్యాక వచ్చి ఎక్కించుకునేది. ఆ రోజు తాళం చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. కాసేపటికి చూస్తే గోడ దగ్గరుంది. ఇంకాసేపటికి నా బెంచీ పక్కనుంది. పొట్టిది బాల్ ఎత్తి వేసింది, పొడుగుది అందుకుని బాస్కెట్లో వేసింది. "అబ్బ!" అంది వాళ్లమ్మ, గట్టిగా.

మొదటి క్వార్టర్ అయిపోయింది. మాట ప్రకారం నేను పిల్లకు సైగ చేశాను. అది మారు మాట్లాడకుండా బ్యాగు అందుకుని తలుపు వైపు నడిచింది. వాళ్లమ్మ దాని జెర్సీ పట్టుకుని ఆపింది.

"ఎటు పోతున్నవే? స్కోర్ చూసినవా? ఒక్క బాస్కెటే తేడా!"

"మమ్మీ, ఫంక్షన్..."

"ఫంక్షన్ ఏడికి పోతది, నువ్వు లేంది ఎట్లయితది? పో, ఆడుపో!" ఫోన్ మోగింది. అవతల వాళ్లాయన. "ఆఁ, వస్తున్నం. పంతులుగారికి టిఫిన్ పెట్టుండ్రి. మళ్ల అడిగితే మళ్ల పెట్టుండ్రి" అని పెట్టేసింది. పిల్ల నా వైపు చూసింది. నేను మురిసిపోతూ, వెళ్లు వెళ్లు అన్నాను. ఒక తల్లికి కూతురి ఆట విలువ తెలిసొచ్చిందని నా ఆనందం. అలాంటివి మా ఉద్యోగంలో తరచుగా దొరకవు.

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. "చేతులెత్తు బిడ్డా, చేతులెత్తు!" అని పొడుగు పిల్లకు చెప్పింది. "ఆ పిల్ల దొబ్బుతుంటే కనబడ్తలేదా నీకు?" అని రెఫరీని నిలదీసింది. ఆయన నా దగ్గరికి వచ్చి ఆవిడ ఏమంటున్నారని అడిగాడు. మీరు చాలా బాగా చేస్తున్నారంటోంది అని చెప్పాను. ఆయన ఆమెకు థాంక్యూ చెప్పాడు.

ఓడిపోయాం. నాలుగే పాయింట్ల తేడా. అయినా ఆడి ఓడాం, జట్టు నిలిచింది. మేనేజర్ వచ్చి థాంక్యూ అన్నాడు, ఈసారి దాన్ని విప్పి చూసుకోవాల్సిన పని లేకపోయింది. పొడుగు పిల్ల బాల్ ఇవ్వకుండా పట్టుకుని నిలబడితే, ఫంక్షన్ అయ్యాక ఇవ్వవచ్చులే అన్నాను.

తర్వాతి సీజన్‌కు మా పొట్టి పిల్ల రాలేదు. వాళ్లమ్మ మాత్రం ప్రతి ఆదివారం వచ్చి అరిచి వెళ్లేది. పిల్ల ఎందుకు మానేసిందని అందరూ నన్నడిగారు. నాకు ఆ ఫంక్షన్ రోజు మధ్యాహ్నమే తెలిసిపోయింది.

మేం హాలుకు చేరేసరికి జనం స్టార్టర్లు అయిపోగొట్టి భోజనాల వైపు చూస్తున్నారు. పంతులుగారు మొహం ముడుచుకుని ఉన్నా ముహూర్తం దాటనివ్వలేదు. కారులోనే ఎవరో ఒక జడ అల్లారు, ఉన్న పూలు చుట్టారు, సగం బిళ్లలు డబ్బాలోనే ఉండిపోయాయి. నేను అక్షింతల కోసం క్యూలో నిలబడ్డాను. స్టేజీ మీద కుర్చీలో ఆ పిల్ల ఓణీ సర్దుకుంటూ, ఎర్ర గాజులు గలగలలాడిస్తూ కూర్చుంది. ఏ బాస్కెట్ వేసినప్పుడూ దాని మొహంలో అంత వెలుగు నేను చూడలేదు.

"నీ అదృష్టం బిడ్డా, మ్యాచంతా ఉండనిచ్చింది మీ అమ్మ" అన్నాను.

నాతో ఎప్పుడూ ఇంగ్లిష్‌లోనే మాట్లాడే పిల్ల. పక్కన నానమ్మ కూర్చుందని కాబోలు, తెలుగులో గుసగుసగా అంది. "నాకు ఫస్ట్ క్వార్టరే చాలు కోచ్. ఫుల్ టెన్షన్ వచ్చింది, ఫంక్షన్‌కు లేటయితదని. మమ్మీయే పోనియ్యలే."

నేను ఇంకాస్త ముందుకు వంగాను. "ఆడాలని లేదా నీకు?"

"ఈ ఇయర్ తర్వాత డ్యాన్స్ ఒక్కటే చేస్త. ఇది నాకు ఫస్ట్ నుంచి ఇష్టం." ఇది అంటూ ఓణీ కొంగు ఎత్తి చూపించింది.

"మరి ఆ జడ విప్పించుకుని ఎందుకొచ్చినవే?"

ఆ పిల్ల గడ్డంతో ముందు వరుస వైపు చూపించింది. అక్కడ మా పొడుగు పిల్ల జెర్సీలోనే కూర్చుని, ఒళ్లో బాల్ పెట్టుకుని, పక్కనున్న మేనత్త కూతుళ్లకు చేతులు ఎత్తి మరీ మ్యాచ్ చెప్తోంది. వెనకవాళ్లకు స్టేజీ కనబడడం లేదు, అది పట్టించుకోవడం లేదు.

"టీమ్ పోతే అది ఏడుస్తది కోచ్. నా ఫంక్షన్ రోజు ఎవ్వరు ఏడ్వొద్దు."

వెనక క్యూలో వాళ్లు కానివ్వండి ఆంటీ అంటున్నారు. వాళ్లమ్మను ఒప్పించాను, రూల్సులో లొసుగు పట్టాను, జట్టును నిలబెట్టాను అని పొద్దున్నుంచి నేను అనుకుంటూనే ఉన్నాను. చేతిలో ఉన్న అక్షింతలు ఆ పిల్ల నెత్తిన వేశాను. నూరేళ్లు చల్లగా ఉండమని దీవించాల్సినదాన్ని, థాంక్స్ అన్నాను.